ఐదువందల బహుమానమును గూర్చి ముఖ్యమంత్రిగారికి

యాకుత్‌పురా, హైదరాబాదు
డిసెంబరు, 2017

తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారి సముఖమునకు,

నగరమున బిచ్చమెత్తువారి ఆచూకీ తెల్పినవారికి 500 రూపాయలు బహుమానముగా నిత్తుమని తమ ప్రభుత్వపు జైళ్ళశాఖ ప్రకటించినది. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సునకు అతిథులు రానున్నారని నవంబరు 8 మొదలు రెండు నెలలపాటు పోలీసు కమిషనరుగారు భిక్షాటనమును నిషేధించుటయు, వీథులలో పట్టుకొన్నవారిని మా పేటకు పొరుగుననే యున్న చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమమునకు చేర్చుటయు, వ్రేలిముద్రలు గైకొని, మరల బిచ్చమెత్తబోమని మాట యిచ్చినవారిని విడిచిపుచ్చుటయు ఎల్లరమును ఎరిగినదే. అతిథులు వచ్చిరి, పోయిరి. పిమ్మటనైన ఈ వేట ఆగునని తలచితిమి. ఆగకపోగా, దానికి వెలయు కట్టబడినది.

అయ్యా, పట్టుబడువారెవరు? ఒడలు వంచి బ్రతుకగలిగియు చేయిచాచువారు కొందరుందురు, కాదనను. కాని యాకుత్‌పురా రైలుస్టేషను చెంత తనలో తాను మాటలాడుకొనుచు, ఎవరేని పలుకరించిన బెదరి లేచిపోవు మనిషిని మాట యిమ్మనుటలో అర్థమేమి? తానేమి యొప్పుకొన్నాడో ఎరుగనివాని వ్రేలిముద్ర ఎవరికి ప్రయోజనము? ఇక పట్టుబడినవారిలో త్రాగుడు మరగినవారి మాటేమి? ఏండ్లతరబడి త్రాగుడునకు బానిసయైన దేహమునకు మద్యము హఠాత్తుగా ఆగినచో వణకు, మూర్ఛలు, మతిభ్రంశము కలుగుననియు, వైద్యుడు చెంతలేనిచో ప్రాణములే పోవచ్చుననియు తమ వైద్యశాఖకు తెలియదా? 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగినప్పుడు, అందు కలిపిన ఆల్ప్రజోలము, డైజిపాము, క్లోరల్ హైడ్రేటు ఒక్కమారుగా అందకపోవుటచే మతి చలించినవారు జిల్లాలనుండి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు వచ్చిపడలేదా? వారిని తోడ్కొనివచ్చుటకు ఇంటివారైన నుండిరి. ఫుట్‌పాత్‌పై పరుండువానికెవరు? పదేండ్లు మూతపడియున్న నగరపు కల్లు దుకాణములను 2014లో మరల తెరపించినది తమ ప్రభుత్వమే గదా. వానివలన చెడినవారి చికిత్సకు ఆనాడే కొంత ధనమేల ప్రత్యేకింపరైతిరి?

ఈ యేడు ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదము పొందిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఇల్లు లేనివారికిని దిక్కు లేనివారికిని ప్రభుత్వ చికిత్సాలయములలో ఒక్క పైసా ఖర్చులేక వైద్యము పొందు హక్కు కలదని 18వ సెక్షనులో చెప్పుచున్నది. వీథులలో తిరుగాడు మానసిక రోగిని రక్షణలోనికి తీసికొన్న పోలీసులు 24 గంటలలో వైద్యశాలకు చేర్చవలెననియు, ఎట్టి పరిస్థితిలోను లాకప్పునగాని జైలునగాని ఉంచరాదనియు 100వ సెక్షను శాసించుచున్నది. అది యింకను అమలులోనికి రాలేదని అధికారులు చెప్పవచ్చును. నిజమే, కాని రేపు చేయక తప్పని పనికి నేడు నిధులు కేటాయించుటకు అడ్డమేమి?

నాలుగు శతాబ్దముల క్రిందట మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ పాతబస్తీలోనే దారుల్‌షిఫా వైద్యశాలను కట్టించెను. నేడు మా వీథిలో మతి చలించిన అనాథ కానవచ్చిన, నగరపు అవతలి కొసనున్న ఎర్రగడ్డకు గొనిపోవలెను, గొనిపోవువాడు లేడు. ఆచూకీ చెప్పువానికి చెల్లించుటకు 500 రూపాయలు దొరకిన ఖజానాలో, ఆచూకీ దొరకిన మనిషి మందులకు దొరకవా? జైలు గోడలచాటున అతనిని పరీక్షించు మనోవైద్యుడు కలడా? మాట యిచ్చి విడుదలైనవాడు మరునాటి రాత్రి ఎచ్చట పరుండెనో ఏ శాఖవారైన విచారించిరా?

ఎందరిని పట్టుకొన్నదియు అధికారులు పత్రికలకు చెప్పుచునే యున్నారు. ఎందరికి వైద్యము చేయించినదియు, అందులకై ఈ యేడెంత వెచ్చించినదియు తమరు సెలవీయవలెనని ప్రార్థన.

ఇట్లు,
యాకుత్‌పురా నివాసి