తినని చేప

ఇంగ్లండు నదుల్లో గాలం వేసేవాళ్ళకి మార్చి 14 సీజను ఆఖరి రోజు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలాలు అటకెక్కాల్సిందే. (సాల్మన్, ట్రౌట్ చేపల లెక్క వేరు.) అందుకే ఫిబ్రవరిలో, ఎంత చలిగా ఉన్నా, కెన్నెట్ నది ఒడ్డున నాలాంటివాళ్ళు కనబడతారు. కెన్నెట్ మా రెడింగ్ ఊళ్ళోనే థేమ్స్‌లో కలుస్తుంది. మేము పట్టిన చేపని చూసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాం.

ఈ ఒక్క ముక్క దగ్గరే మా నాన్నకీ నాకూ కుదరదు. ఆయన కోనసీమలో కాలవగట్టు మీద పెరిగిన మనిషి. ఫోన్‌లో మా సంభాషణ ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది.

“ఎన్ని పడ్డాయిరా?”

“ఐదు, నాన్నా. ఒకటి కిలో పైనే ఉంటుంది.”

“అమ్మాయి పులుసు పెట్టిందా?”

“వదిలేశాను.”

“తిననివాడివి దాని నోట్లో ముల్లు గుచ్చడం దేనికిరా?”

నవ్వేసి మాట మార్చొచ్చు. కానీ అది న్యాయమైన ప్రశ్న. “ఇక్కడి రూల్సు అంతే” అంటే సగం జవాబే. ఎన్ని చేపలు, ఎంత పొడవువి తీసుకెళ్ళవచ్చో చట్టంలో పరిమితులున్నాయి. క్లబ్బుల్లో చాలావరకు అసలే తీసుకెళ్ళనివ్వవు. అయినా రూలు అనేది ఎందుకు వదలాలో చెబుతుంది కానీ ఎందుకు పట్టాలో చెప్పదు కదా. ఆ రెండోది చెప్పాలంటే ముందు అక్కడ చేసే పనేమిటో చెప్పాలి.

మన ఊళ్ళలో బెండు కట్టిన గాలం మీరు చూసే ఉంటారు. మన పిల్లలు జీలుగు బెండో జొన్న బెండో కడతారు. ఇక్కడ తేలికైన బాల్సా కర్రతో చేసిన సన్నటి బెండ్లు వాడతారు. నెమలి ఈక కాడతో చేసినవీ ఉన్నాయి. చెరువులో అయితే బెండు ఒకచోట నిలబడుతుంది. నదిలో దాన్ని ప్రవాహంతో పాటు సాగనివ్వాలి. దీన్ని ట్రాటింగ్ అంటారు. పదమూడడుగుల రాడ్ పట్టుకుని, రీలు నుంచి దారం వదులుతూ, ఎర నది అడుగుకి కాస్త పైన కొట్టుకుపోయేలా చూసుకోవాలి. ఇందులో ఒక చిక్కుంది. నీళ్ళు పైన వేగంగా, అడుగున నెమ్మదిగా పారతాయి. బెండుని దాని మానాన వదిలేస్తే ఎరని ఈడ్చుకుపోతుంది, చేపకి అనుమానం వస్తుంది. అందుకని దారాన్ని వేలితో ఆపీ ఆపనట్టు పట్టుకుని, బెండుని కాస్త వెనక్కి లాగి ఉంచాలి.

చలికాలంలో ఇది ఇంకా కష్టం. చేప ఒంటి వేడి నీటి వేడితో పాటే దిగుతుంది. అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. వేసవిలో గుప్పెడు పురుగులు చల్లేచోట ఇప్పుడు ప్రతిసారీ నాలుగైదు చాలు. గాలం ముల్లు కూడా చిన్నది కావాలి. గడ్డ కట్టే చలిలోనూ ఎర ముట్టే చేప చబ్, అదే మాకు దిక్కు. కెన్నెట్ సుద్ద నేలల ఊటల్లోంచి పుట్టిన నది. ఆ ఊటనీరు ఏడాది పొడవునా పది డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఇక్కడ మా పని కొంత నయం. వెచ్చటి వాన కురిసి నీళ్ళు ఒక డిగ్రీ పెరిగితే పండగ. మంచు కరిగి నదిలో కలిస్తే ఫ్లాస్కులో టీ తాగి ఇంటికి రావడమే.

ఇలా నాలుగు చలికాలాలు గడిస్తే, కంటికి కనపడని నది అడుగు చేతికి తెలిసిపోతుంది. ఎక్కడ గుంత, ఎక్కడ గులకరాళ్ళ మెట్ట, ఏ మలుపులో నిరుడున్న నాచు ఈసారి లేదు, ఏ రాళ్ళ మీద కొత్తగా గోధుమరంగు బురద పేరుకుంది. గట్టు మీద జాగింగ్ చేసేవాళ్ళకి నది ఎప్పుడూ అందంగానే ఉంటుంది. దానికి ఒంట్లో బాగోలేదని ముందు తెలిసేది గాలం వేసేవాడికి.

తెలిస్తే ఏం చేస్తారని అడగొచ్చు. ఇంగ్లీషు చట్టం ప్రకారం పారే నీరు ఎవరి సొత్తూ కాదు. కానీ చేపలు పట్టే హక్కు మాత్రం ఆస్తి. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అనే లాయరు, ఆయన కూడా గాలం మనిషే, నదుల్ని పాడుచేసేవాళ్ళని కోర్టుకి లాగడానికే గాలం వేసేవాళ్ళ సంఘం ఒకటి పెట్టాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే డర్బీ ఊరి గాలాల క్లబ్బు ఒక పెద్ద కంపెనీ మీద, నగర కార్పొరేషన్ మీద, విద్యుత్ సంస్థ మీద దావా వేసి గెలిచింది. ఫ్యాక్టరీ వ్యర్థాలు, మురుగు, వేడినీళ్ళు డెర్వెంట్ నదిలోకి వదులుతున్నారన్నది కేసు. ఊరు పెరిగింది, మేమేం చేస్తాం అన్న కార్పొరేషన్ వాదన నిలబడలేదు. ఆ ముగ్గురి మీద కోర్టుకెక్కే హక్కు క్లబ్బుకి దొరికింది చేపలు పట్టే హక్కులోంచే.

గాలాలవాళ్ళంతా పుణ్యాత్ములని కాదు. మేము పారేసుకున్న సీసపు గుళ్ళు మింగి హంసలు చచ్చిపోయేవి. 1987లో చాలా సైజుల సీసపు గుళ్ళని నిషేధించాకే అది తగ్గింది. ముల్లు గుచ్చితే చేపకి నొప్పి ఉండదనీ నేను అనను. కొంకి లేని ముల్లు వాడతాను, చెయ్యి తడుపుకుని పట్టుకుంటాను, నిమిషంలో వదిలేస్తాను. అది నొప్పి తగ్గించడమే, లేకుండా చేయడం కాదు.

అందుకని నాన్నకి నా జవాబు ఇది. చేపకి నేను బాకీ పడుతున్నాను. పులుసు పెట్టుకునేవాడు ఆకలి పేరు చెప్పుకోవచ్చు, నాకు ఆ వీలు లేదు. ఆ నదిని కనిపెట్టుకుని ఉండటమే నేను తీర్చగలిగిన బాకీ. నీళ్ళ వాసన మారితే, చేపలు తేలితే, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి ఆ గంటలోనే ఫోన్ చేయాలి. వాళ్ళ లైను రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ పని చేయకుండా సరదాకి మాత్రమే పట్టేవాడికి మా నాన్న ప్రశ్నకి జవాబు లేదు.

మీలో ఎవరికైనా సరదా పుడితే, పదమూడేళ్ళు దాటినవాళ్ళకి రాడ్ లైసెన్సు ఉండాలి, ఆ ఒడ్డు ఏ క్లబ్బుదో వాళ్ళ అనుమతి కూడా కావాలి. రెండు జతల మేజోళ్ళు వేసుకోండి. మార్చి 14 దాకా టైముంది.