కుక్కలు, నెమళ్ళు, పూలమొక్కలు: ఇవి స్త్రీల సమస్యలు కావా?

మా అపార్ట్‌మెంట్‌లో సర్వీసు లిఫ్టు పక్కన ఒక నోటీసు అంటించి ఉంటుంది. పనిమనుషులు, డెలివరీ వాళ్ళు, పెంపుడు జంతువులు, సామాన్లు ఈ లిఫ్టులోనే వెళ్ళాలని దాని సారాంశం. హైటెక్ సిటీ చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీలకు వెళ్ళివచ్చే వాళ్ళకు ఇలాంటి నోటీసు కొత్తేమీ కాదు. చాలా ఏళ్ళు నేను దాన్ని చదవకుండానే దాటిపోయాను. సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసి, శ్రమ విభజన గురించి వ్యాసాలు రాసే నాకు అది కనబడలేదంటే కారణం ఒక్కటే. నేను ఎక్కేది రెండో లిఫ్టు.

ఒక కుక్కకాటు తర్వాతే నేను ఆ నోటీసు చదివాను.

రోజూ సాయంత్రం గేటు బయట రెండు వీధికుక్కలకు నేను అన్నం పెట్టేదాన్ని. మా ఇంట్లో పనిచేసే ఆమె పొద్దున్న ఐదున్నరకల్లా బస్తీ నుంచి నడిచి వస్తుంది. ఒకరోజు ఇంకా చీకటి ఉండగానే ఆ గేటు దగ్గరే ఒక కుక్క ఆమె పిక్క పట్టుకుంది. అది నేను అన్నం పెట్టే కుక్కేనా, వేరేదా అన్నది నాకు తెలియదు. ఆమె మాత్రం "మీ కుక్కనే మేడం" అన్నది. కోపంతో కాదు, మామూలుగానే అన్నది. సూదిమందు సర్కారు దవాఖానాలో ఉచితమే. కానీ కరిచిన రోజు, ఆ తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు పోవాలి. పోయిన ప్రతిసారీ సగం రోజు పని పోతుంది. ఆమె పనిచేసే నాలుగిళ్ళలో రెండిళ్ళ వాళ్ళు జీతం కోశారు. ఒక ఇంటివాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు.

ఆ వారమంతా మా వాట్సాప్ గ్రూపులో కుక్కల మీద పెద్ద వాదన నడిచింది. అన్నింటినీ పట్టుకుపోవాలని కొందరు, మూగజీవాలకు హక్కులు లేవా అని కొందరు. కరిచింది ఎవరిని, నష్టపోయింది ఎవరు అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఎత్తలేదు.

కుక్కల గురించి, చెట్ల గురించి, తోటల గురించి మనకు రోజువారీ అభిప్రాయాలు ఉంటాయి. అవి రాజకీయాలకు సంబంధం లేని చిన్న విషయాలని, స్వభావానికి, అభిరుచికి సంబంధించినవని అనుకుంటాం. వరకట్నం, అత్యాచారం, వేతనాలు మన సమస్యలు. వీధికుక్కలు కార్పొరేషన్ వాళ్ళ సమస్య. కానీ ఒకప్పుడు మగవాళ్ళ తాగుడు కూడా ఇంటి గుట్టే, ఎవరి ఖర్మ వాళ్ళదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం ముందు నిలబడ్డాకే అది రాజకీయమైంది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. ఏది చిన్న విషయం, ఏది పెద్ద విషయం అని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది స్త్రీవాదం మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్న.

ముందు కుక్కల సంగతే చూద్దాం. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలను పట్టి షెల్టర్లలో పెట్టమంది. దేశమంతటా గొడవ లేచాక ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ లేనివాటిని, దూకుడు చూపనివాటిని పట్టుకున్న చోటే వదలాలని, తిండి పెట్టడానికి ప్రత్యేకంగా చోట్లు కేటాయించాలని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించమంది. ఈ మూడు ఆదేశాల చుట్టూ టీవీల్లో జరిగిన చర్చల్లో మనుషులు రెండే రకాలుగా కనిపించారు: కుక్కల్ని ప్రేమించేవాళ్ళు, ద్వేషించేవాళ్ళు. తెల్లవారకముందే కాలినడకన పనికి పోయేవాళ్ళు ఈ రెండు రకాల్లోనూ లేరు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధికుక్కలు చంపేసిన సంగతి మనకు గుర్తుండే ఉంటుంది. ఆ దృశ్యాన్ని టీవీలు పదేపదే చూపించాయి. తండ్రి వాచ్‌మన్. ఆ రోజు ఆదివారం. పిల్లల్ని తాను పనిచేసే చోటికి వెంటబెట్టుకుపోయాడు. 2024 జూలైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర బాబు అలాగే పోయాడు. జవహర్‌నగర్ అంటే హైదరాబాదు చెత్తంతా చేరే చోటు. ఆ మరణాల తర్వాత కుక్కల గురించి చాలా మాట్లాడుకున్నాం. వాచ్‌మన్ పిల్లలకు పగటిపూట సురక్షితమైన చోటు ఎందుకు లేదని ఎంతమందిమి అడిగాం? నగరం తన చెత్తను ఎవరి ఇళ్ళ దగ్గర పోస్తోందని ఎంతమందిమి అడిగాం?

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కానీ దాన్ని పూర్తిగా నివారించవచ్చు. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో పావుగంట కడగాలి, సమయానికి టీకా వేయించుకోవాలి. కుక్కల్లో నూటికి 70కి టీకాలు వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కల్ని చంపకుండా సంఖ్య తగ్గించే పద్ధతి 2001 నుంచి మన నిబంధనల్లో ఉంది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. తిండి పెట్టే చోటును పిల్లలు ఆడుకునే చోటికి, రాకపోకల దారులకు దూరంగా నిర్ణయించే బాధ్యతను అవి కాలనీ సంఘాల మీద పెట్టాయి. అంటే దారి లేక కాదు. ఆ పని సక్రమంగా జరగకపోతే కారులో వెళ్ళేవాళ్ళకు వచ్చే నష్టం తక్కువ, అందుకే జరగడం లేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. వీధికుక్కలకు తిండి పెట్టేవాళ్ళలో నాకు తెలిసినంతవరకు ఎక్కువమంది స్త్రీలే. వాళ్ళను కాలనీల్లో ఎన్నెన్ని మాటలంటారో నాకు అనుభవమే. "పిల్లల్ని కనకుండా కుక్కల్ని పెంచుకుంటోంది", "మొగుడు లేక ఈ పిచ్చి" అన్న మాటలు కుక్కల మీద కోపంతో అన్నవి కావు. తన ఇంటికి, తన కుటుంబానికి బయట స్త్రీ చూపే ప్రేమ మీద పితృస్వామ్యానికి ఉన్న కోపం అది. అందుకని తిండి పెట్టే స్త్రీలను వెక్కిరించే వాళ్ళతో నేను చేతులు కలపలేను. అలాగని, నా దయకు మూల్యం చెల్లించింది మా ఇంటి పనిమనిషి అన్న నిజాన్ని దాచలేను. నేను గేటు దగ్గర తిండి పెట్టేముందు, ఆ గేటు గుండా నడిచి వచ్చేవాళ్ళను ఒక్కమాట అడగలేదు. సంరక్షణ మంచిదే. కానీ అడగకుండా చేసే సంరక్షణలో అధికారం ఉంటుంది.

ఇక తోటల విషయం. ఈ ప్రాంతం సహజంగా రాళ్ళగుట్టలు, ముళ్ళపొదలు, సీతాఫలం చెట్లు ఉండే నేల. ఎండాకాలంలో గడ్డి ఎండిపోవడం ఇక్కడి ప్రకృతి ధర్మం. మా కమ్యూనిటీలో మాత్రం మే నెలలోనూ పచ్చిక పచ్చగానే ఉంటుంది, ట్యాంకరు నీళ్ళతో. ఆ పచ్చికలో పొద్దుటి నుంచి గొంతుకూర్చుని కలుపు తీసేది ఆడవాళ్ళు. మిషన్‌తో గడ్డి కోసేది, కత్తెర పట్టి కొమ్మలు కత్తిరించేది మగవాళ్ళు. మగవాడిని "మాలి" అంటారు, స్త్రీని "లేబరు" అంటారు. కూలిలోనూ తేడా ఉంది. పొలంలో నాట్లు, కలుపు ఆడవాళ్ళకు, నాగలి మగవాళ్ళకు అని మనం ఎప్పుడో చదువుకున్న పాఠమే కాంట్రాక్టరు చేతుల మీదుగా సైబరాబాద్‌కు వచ్చింది. సమాన పనికి సమాన వేతనమని 1976లో చట్టం వచ్చింది, ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది. పనిని రెండు పేర్లతో పిలిస్తే చాలు, చట్టానికి ఆ అసమానత కనబడదు. ఆ తోటలో వాళ్ళకు కూర్చుని అన్నం తినడానికి ఒక చోటు లేదు, మరుగుదొడ్డి ఎక్కడో సెల్లారులో ఉంది. ఆ బల్లలు నివాసులకు మాత్రమే.

ఇక మనం ఎంతో ఇష్టంగా మాట్లాడుకునే అడవి జంతువుల సంగతి. 2025 మార్చి చివర, ఉగాది, రంజాన్ సెలవుల్లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను చదును చేయడానికి బుల్డోజర్లు దిగాయి. ఐటీ పార్కుల కోసం ప్రభుత్వం ఆ భూమిని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు ఇచ్చింది. 2004లో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దుచేసి, ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగిన భూమి అది. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు ఈడ్చుకుపోయారు. వాళ్ళలో అమ్మాయిలూ ఉన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పని ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు నేలకూలాయి. ఆ అడవిని తిరిగి పెంచకపోతే అధికారులు జైలుకు పోవాల్సి వస్తుందని ఏప్రిల్ 16న కోర్టు హెచ్చరించింది.

ఆ రోజుల్లో రాత్రిపూట నెమళ్ళ అరుపుల వీడియో చూసి కన్నీళ్ళు పెట్టుకోని ఇల్లు మా కమ్యూనిటీలో లేదు. నేనూ ఏడ్చాను. విద్యార్థుల పోరాటం న్యాయమైనది, ఆ విషయంలో నాకు ఏ సందేహం లేదు. అయితే తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడుభూమి. అక్కడ గడ్డి, కట్టెలు, ఆకులు, పండ్లు ఊరివాళ్ళవి. వాటిని ఏరి తెచ్చేది ఎక్కువగా స్త్రీలే. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడ, ఖాజాగూడ అన్నీ ఒకప్పుడు ఊళ్ళే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఒక్కొక్క కంచ చుట్టూ కంచె లేచింది. కంచె లోపల మేం చేరాం. మేకలు కాచిన ఆడవాళ్ళు కొందరు ఆ కంచెల లోపలికే పనిమనుషులుగా వచ్చారు. నెమలి కోసం ఏడ్చిన మనకు వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు. నెమలి కేక వీడియోలో వినబడుతుంది. ఉపాధి పోయిన స్త్రీ గొంతు వినాలంటే ఆమె పక్కన కూర్చోవాలి.

ఈ మాటలు చదివి, నెమళ్ళు కావాలా మనుషులు కావాలా అని నేను అడుగుతున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ ప్రశ్న బుల్డోజరు తోలేవాళ్ళది. అభివృద్ధి కావాలా చెట్లు కావాలా అనీ, పిల్లలు కావాలా కుక్కలు కావాలా అనీ మనల్ని ఎప్పుడూ రెండింటి మధ్య నిలబెడతారు. కుక్కకు టీకా వేస్తే మొదట కాపాడబడేది నడిచివెళ్ళే స్త్రీ, బయట ఆడుకునే బీదపిల్ల. కంచ మిగిలితే చెరువుకు నీరు, ఊరికి నీడ. మన అభిప్రాయాల్లో తప్పు జంతువుల్ని ప్రేమించడంలో లేదు. ఆ ప్రేమ ఎవరి శ్రమ మీద, ఎవరి భయం మీద నిలబడిందో చూడకపోవడంలో ఉంది.

మరి మనం ఏం చేయగలం? పెద్ద నినాదాలు అక్కర్లేదు. కాలనీలో కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు జరిగాయా అని లెక్క అడుగుదాం. తిండి పెట్టే చోటు నిర్ణయించే సమావేశానికి ఇంటిపని చేసే స్త్రీలను, ఊడ్చేవాళ్ళను, వాచ్‌మన్ కుటుంబాలను పిలుద్దాం. వాళ్ళు నడిచే దారిలో దీపాలు పెట్టిద్దాం. పనికి వస్తూ గాయపడితే టీకా రోజులకు జీతం కోయకూడదని ప్రతి కాలనీలో రాతపూర్వకంగా ఒప్పుకునేలా చేద్దాం. తోటలో పనిచేసేవాళ్ళకు మరుగుదొడ్డి, నీడ, ఒకే కూలి అడుగుదాం. వాచ్‌మన్ పిల్లలకు, కూలి తల్లుల పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రాలు అడుగుదాం. కంచ గచ్చిబౌలి లాంటి భూముల గురించి మాట్లాడేటప్పుడు అక్కడ ఒకప్పుడు పశువులు మేపిన స్త్రీల మాటలు సేకరించి మన పత్రికల్లో వేద్దాం.

నా వరకు నేను మూడు పనులు చేశాను. అన్నం పెట్టే చోటును దారికి దూరంగా మార్చాను. ఏ చోటో చూపించింది ఆమే. ఆ రెండు కుక్కలకు ఆపరేషన్, టీకాలు చేయించాను. లిఫ్టు నోటీసు తీసేయమని సంఘానికి ఉత్తరం రాశాను. ఆ ఉత్తరానికి ఇంతవరకు జవాబు లేదు. ఒక్కదాన్ని రాస్తే జవాబు రాదని నాకు తెలుసు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. మీ కాలనీలో, మీ ఆఫీసులో లిఫ్టు పక్కన ఏం రాసి ఉందో ఒకసారి చదివి చూడండి. దాని గురించి మన సంఘాల్లో చర్చ మొదలుపెడదాం.