తప్పేదో, ఎక్కడుందో చెప్పండి

ప్యాకేజీలు రాసే సాఫ్ట్‌వేర్ మిత్రులకు విజ్ఞప్తి

మీ ప్యాకేజీని వాడేవాళ్ళలో ముక్కూమొహం తెలియనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ డేటాలో తేడా వచ్చిన రోజున మీ తరఫున మాట్లాడేది వాలిడేషన్ ఫంక్షనే. అది "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఊరుకుంటే, వేల వరుసల ఫైల్లో తప్పు వెతికే పని వాళ్ళ నెత్తిన పడుతుంది. తప్పు పట్టుకున్న ఫంక్షన్‌కి అదెక్కడుందో తెలుసు. తెలిసీ చెప్పకపోవడం అన్యాయం.

పైథాన్‌లో అక్షరాలున్న గడిని ఇంట్‌తో అంకెగా మార్చబోతే వాల్యూఎర్రర్ వస్తుంది. ఏ విలువ దగ్గర ఆగిందో చూపిస్తుంది గానీ, అది ఏ వరుసలోదో ఇంట్‌కు తెలియదు. తెలిసేది మీ కోడ్‌కే. "4312వ వరుస, పిన్‌కోడ్: ఆరంకెలు ఉండాలి, 50008 అని ఐదే ఉన్నాయి" అని రాయండి. చదివినవాళ్ళు నేరుగా ఆ గడికి వెళ్ళి సరిచేసుకుంటారు. మొదటి తప్పు దగ్గరే ఆగిపోవద్దు కూడా. ఒకటి దిద్ది మళ్ళీ నడిపితే ఇంకొకటి బయటపడటం మనిషిని విసిగిస్తుంది. దొరికినవన్నీ ఏరి ఒకేసారి చేతికివ్వండి.

అసర్ట్‌ను నమ్ముకుని వాలిడేషన్ రాసేవాళ్ళకు ఒక హెచ్చరిక. పైథాన్‌ను ఆప్టిమైజ్ ఫ్లాగుతో నడిపితే అసర్ట్‌లన్నీ ఎగిరిపోతాయి. తనిఖీ జరగదు, జరగలేదన్న సంగతీ తెలియదు.

ఇక అతివాగుడు. అంతా సవ్యంగా ఉన్నా "చెక్ మొదలైంది, చెక్ అయిపోయింది" అంటూ స్క్రీన్ నింపితే అసలు హెచ్చరిక ఎవరి కంటా పడదు. చెప్పాల్సిందేమీ లేనప్పుడు ప్రోగ్రాం మౌనంగా ఉండాలన్నది యునిక్స్ నుంచి వస్తున్న మంచి సంప్రదాయం. ఆర్ భాషలో మెసేజ్‌తో పంపిన మాటను వాడేవాళ్ళు సప్రెస్‌మెసేజెస్‌తో ఆపుకోగలరు. క్యాట్‌తో అచ్చేస్తే అలా ఆగదు. పైథాన్ లాగింగ్‌లో డీబగ్ నుంచి క్రిటికల్ దాకా 5 స్థాయిలున్నాయి. వాటిని వదిలి ప్రింట్‌లు చల్లుకుంటూ పోవడం దేనికి? ఎంత వినాలో వాడేవాళ్ళను తేల్చుకోనివ్వండి. ఎర్రర్‌ను మాత్రం వెర్బోస్ స్విచ్‌కు ముడిపెట్టకండి. మాటలు ఆపమన్నా తప్పును దాచకూడదు.

తర్వాతి రిలీజ్‌కు ముందు మీ ఎర్రర్ మెసేజ్‌లన్నీ బయటికి తీసి, కోడ్ ఎన్నడూ చూడని ఒకరిచేత చదివించండి. వాళ్ళు దిద్దుకోలేనివాటిని తిరగరాయండి. రివ్యూ చేసే మిత్రులారా, పుల్ రిక్వెస్టులో ఉత్త "ఇన్‌వాలిడ్" కనబడితే ఆమోదించకండి.