వైఫై పెట్టె ఎక్కడ బిగించాలి?

ప్రశ్న: మాది మేడ ఇల్లు. పై గదుల్లో వైఫై అందడం లేదని మా అబ్బాయి మూడు మెష్ పెట్టెలు తెచ్చాడు. ఒకటి ఉయ్యాల పక్క గోడకు బిగిస్తానంటాడు. మనుమరాలికి అయిదో నెల. కిరణాల వలన పాపకు ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు. బీపీకీ, రక్తం పలచబడడానికీ మాత్రలు వాడే మావారు డెబ్బయ్యేళ్ల వయసులో స్టూలెక్కి తామే బిగిస్తామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ భయం పాప గురించి. నా భయం మీ వారి గురించి.

ముందు కిరణాల సంగతి. ఎక్స్‌రేకు శరీర కణాల్లోని అణువులను చీల్చే శక్తి ఉంది. వైఫై వాడే రేడియో తరంగాలకు ఆ శక్తి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో రేడియో తరంగాలను 'క్యాన్సర్ కలిగించవచ్చునేమో' అనే వర్గంలో చేర్చిన మాట నిజమే. రుజువులు చాలనప్పుడు చేర్చే వర్గమది. కలబంద ఆకు సారం కూడా అందులోనే ఉంది. ఇంటి వైఫై వలన పసిపిల్లలకు హాని కలిగినట్లు ఇంతవరకు రుజువు కాలేదు. పైగా దూరం రెట్టింపయితే తరంగాల బలం నాలుగో వంతుకు పడిపోతుంది.

ఉయ్యాల దగ్గర భయపడవలసింది తీగకు. పాప రేపోమాపో చేతికందినది లాగుతుంది, మెడకు చుట్టుకుంటే ప్రమాదం. కనుక పెట్టెను, తీగను ఉయ్యాలకు కనీసం మూడడుగుల దూరంలో ఉంచండి. తీగను గోడ వెంట క్లిప్పులతో బిగించండి.

ఇక స్థలం. అసలు పెట్టెకూ, వైఫై అందని గదికీ నడిమధ్య రెండో పెట్టె ఉండాలి. అందని గదిలోనే పెడితే దానికీ అందదు! ఇనుప బీరువా, టీవీ వెనుక భాగం, చేపల తొట్టె పక్క పనికిరావు. ముచ్చటగా గుడ్డ కప్పకండి, వేడెక్కుతుంది. నాలుగైదడుగుల ఎత్తున, గాలి ఆడే గూడు చాలు. అప్పుడు స్టూలుతో పనే లేదు. గోడకే బిగించాలంటే స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా, కిందా రంధ్రం చేయరాదు. లోపల కరెంటు తీగలుంటాయి.

పోయిన ఏడాది మా ఆసుపత్రికి ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి మోసుకొచ్చారు. బీరువా మీది పెట్టెలో దీపం వెలగలేదని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి జారారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో నడవడానికి మూడు నెలలు పట్టింది. తల పైకెత్తి పని చేస్తుంటే ఆ వయసులో కళ్లు తిరగడం మామూలే.

ఎవరైనా అలా పడి, కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్లు కనిపిస్తే లేపి నడిపించకండి. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లోపల రక్తస్రావం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు.

మీ వారిని కుర్చీలో కూర్చుని ఎక్కడ బిగించాలో చెప్పమనండి. ఎక్కే పని అబ్బాయికి వదలండి. మీరు హాయిగా నిద్రపోండి.