ఎక్కడ పెడితే అక్కడే పడి ఉండాలా?

చంద్రపూర్ జిల్లా ఎన్ని చేతులు మారిందో చూడండి. తెల్లవాళ్ళ కాలంలో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చాందా జిల్లా. స్వాతంత్ర్యం వచ్చాక మధ్యప్రదేశ్. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. రాజూరా తాలూకా కథ ఇంకా వింత. నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఊళ్ళవి. 1956లో నాందేడ్ జిల్లాకు పోయి, 1959లో చాందాలో కలిశాయి. 1982లో సిరొంచ వైపు భాగమంతా గడ్చిరోలి జిల్లాగా విడిపోయింది. ఈ మార్పుల్లో ప్రతిదానికీ ఒక తేదీ ఉంది, ఒక ఉత్తర్వు ఉంది. నచ్చనివాడు అర్జీ పెట్టుకోవడానికి ఒక కిటికీ ఉంది. సర్కారీ దఫ్తరును తిట్టనివాడు మా వైపు ఒక్కడూ ఉండడు. ఆ దఫ్తరే నయం అనిపించిన ఘనత మాత్రం మనుషులు కూర్చి, మనుషులే దిద్దిన వెబ్ డైరెక్టరీది.

డీమోజ్ సంగతి చెబుతున్నాను. 1998 జూన్‌లో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ మొదలుపెట్టారు. ఆ ఏడాదే దాన్ని నెట్‌స్కేప్ కొనుక్కుంది, ఆ తర్వాత నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ మింగేసింది. యంత్రాలకంటే మనుషులే ఈ పని బాగా చేస్తారన్నది దాని నినాదం. వేలాది వాలంటీర్లు లక్షలాది సైట్లను కేటగిరీల చెట్టుకు వేలాడదీశారు. ఏఓఎల్ 2017 మార్చి 17న తలుపులు మూసేసింది. పోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నావంటారా? ఆ రోగం పోలేదు కనుక.

డీమోజ్‌లో మీ సైటు తప్పు కేటగిరీలో పడిందనుకోండి. సరైన చోటికి మార్చమని అడగాలంటే ఏం చేయాల్సి వచ్చేది? సరైన కేటగిరీ పేజీకి వెళ్ళి అడిగితే చెల్లేది కాదు. ఏ తప్పు కేటగిరీలో మిమ్మల్ని పెట్టారో ఆ పేజీకే వెళ్ళి, పైన ఉన్న ‘అప్‌డేట్ లిస్టింగ్’ నొక్కి, అక్కడి ఎడిటర్‌కే విన్నవించుకోవాల్సి వచ్చేది. ఆయన ఒప్పుకున్నాడే అనుకుందాం. మీరు పోవలసిన కేటగిరీ మీద ఆయనకు అధికారం లేకపోతే, మీ సైటు అక్కడ ‘ఇంకా చూడనివి’ అనే వరుసలో చేరేది. ఆ వరుసను ఎవరైనా ఎప్పుడు చూస్తారన్నదానికి గడువు ఉండేది కాదు. ఆలస్యమైందని మళ్ళీ పంపితే కొత్తది పాతదాన్ని తుడిచేసి మిమ్మల్ని ఇంకా వెనక్కి నెట్టే ప్రమాదం ఉండేది. అడగడమే నేరమైనట్టు! అందింది అనో, కుదరదు అనో, ఫలానా కారణం అనో ఒక్క ముక్క జవాబు రాయాలన్న బాధ్యత ఏ ఎడిటర్‌కూ ఉండేది కాదు. నా కోపం ఈ ఒక్కదాని మీదే. తప్పులు అందరూ చేస్తారు. జవాబు చెప్పకపోవడం తప్పు కాదు, అది పద్ధతి. కావాలని కట్టుకున్న పద్ధతి.

ఉచితంగా చేసే సేవకు హక్కులేమిటని నోరు మూయించేవాళ్ళున్నారు. ఉచితమే, కాదనను. కానీ ఆ జాబితా ఒక్క చోట ఉండిపోలేదు. దాన్ని ఎవరైనా ఎత్తి వాడుకోవచ్చని ఏఓఎల్ వదిలేసింది. గూగుల్ తన డైరెక్టరీని దాంతోనే నడిపింది. పెద్దవీ చిన్నవీ ఎన్నో సైట్లు దాన్ని యథాతథంగా దించుకున్నాయి. మూలంలో ఒక తప్పు పడితే అది అన్ని నకళ్ళలోకీ పాకింది. (ఈ స్క్రెంటాయే 1982లో, స్కూల్లో చదువుకునే వయసులో, ఎల్క్ క్లోనర్ అనే కంప్యూటర్ వైరస్ రాసినవాడు. నకళ్ళు ఎలా పాకుతాయో ఆయనకు ఒకరు చెప్పాలా!) చివరికి ఎంతవరకు వచ్చిందంటే, డీమోజ్ ఎడిటర్ రాసిన వర్ణననే గూగుల్ వెతుకులాటలో మీ సైటు పేరు కింద చూపించడం మొదలుపెట్టింది. దాన్ని మార్పించుకోలేక సైట్ల వాళ్ళు గగ్గోలు పెడితే, 2006లో సెర్చ్ కంపెనీలు ‘నోఓడీపీ’ అనే ట్యాగు తెచ్చాయి. ఆ డైరెక్టరీ నా గురించి చెప్పింది చూపించకండి అని మీ సొంత పేజీలో మీరే రాసిపెట్టుకోవడం అన్నమాట. దిద్దమని అడిగితే దిద్దే దిక్కుంటే ఈ ట్యాగు అవసరం ఎవడికొచ్చేది?

వాలంటీర్లు పాపం, స్పామ్ వరదలో కొట్టుకుపోయారని ఇంకో వాదన. అది నిజమే. మరి యాహూ? దాని డైరెక్టరీలో వ్యాపార సైటును చూడటానికి 299 డాలర్లు పుచ్చుకునేవారు. చేర్చుకుంటామన్న హామీ లేదు, డబ్బు వాపసు లేదు, కానీ ఏడు పనిదినాల్లో చూసి తేల్చేవారు. అంటే జవాబివ్వడం అసాధ్యమేమీ కాదు. డబ్బున్నవాడికి సాధ్యమైంది.

ఇక ఆ చెట్టు ఆకారం చూడండి. కళలు, వ్యాపారం, ఆరోగ్యం, ఆటలు, సైన్సు, సమాజం ఇలా పై కొమ్మలన్నీ ఇంగ్లీషు సైట్లవి. ఇంగ్లీషు కాని భాషలన్నిటికీ కలిపి ఒకే కొమ్మ. దాని పేరు ‘వరల్డ్’. తెలుగు అక్కడ, మరాఠీ అక్కడ, చైనీసు, అరబిక్ కూడా అక్కడే. మనుషులే బాగా చేస్తారన్నవాళ్ళు మనుషుల్లో ఎక్కువమందిని ఒక్క కొమ్మకు కట్టేశారు. బల్లార్‌పూర్ కాగితం మిల్లుకూ ఇక్కడి బొగ్గు గనులకూ పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఇంగ్లీషులో సైటు పెట్టుకుంటే దాని చోటు ‘రీజనల్’లో ఆసియా, ఇండియా, మహారాష్ట్ర దారిన. అదే సైటును తెలుగులో పెడితే ‘వరల్డ్’ కింద తెలుగులో. మహారాష్ట్ర కొమ్మ పట్టుకుని చంద్రపూర్ దాకా దిగివచ్చినవాడికి పక్కవీధి తెలుగు సైటు కనపడేది కాదు. ఉన్న ఊళ్ళోనే ఊరివాళ్ళం కాకుండా పోవడం ఇక్కడి తెలుగువాళ్ళకు కొత్త కాదు కానీ, దాన్ని కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించాలా?

ఒక సైటుకు సరిగ్గా సరిపోయే చోటు ఒక్కటే ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన చెట్టు అది. ఆ నమ్మకం ఉన్నవాళ్ళను మా జివతి తాలూకాకు రమ్మంటాను. పరందోళి, ముకదంగూడ, మహారాజ్‌గూడ, అంతాపూర్, ఇలా పద్నాలుగు ఊళ్ళు. మహారాష్ట్ర ఇవి చంద్రపూర్ జిల్లావంటుంది, తెలంగాణ కెరమెరి మండలానివంటుంది. అక్కడ ఇద్దరు సర్పంచులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. రెండు ప్రభుత్వాలూ పోటీపడి లెక్కలో రాసుకున్న మనిషిని ఏ కేటగిరీలో పెడతారు స్వామీ? ఎక్కడ పెట్టినా సగం అబద్ధం. ఆ సగం అబద్ధాన్ని దిద్దమని అడిగే హక్కు కూడా లేదంటే అది నిండు అబద్ధమవుతుంది.

మనుషుల చేత్తో వర్గీకరణ కుదరదు, అందుకే యంత్రాలొచ్చాయి అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అదీ వాలంటీర్లదే, అదీ ఉచితమే. అక్కడ వ్యాసం తప్పు వర్గంలో ఉంటే మీరే మార్చవచ్చు. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చరిత్ర పేజీలో ఉంటుంది. నచ్చనివాడు వెనక్కి తిప్పుతాడు, చర్చ పేజీలో తిట్టుకుంటారు, ఏదో ఒకటి తేలుతుంది. తేలకపోయినా తేలలేదన్న సంగతి అందరికీ కనపడుతుంది. ఒకే వ్యాసాన్ని నాలుగు వర్గాల్లో పెట్టినా కొంపలేమీ అంటుకోలేదు.

ఇప్పటి యంత్రాల సంగతి? గూగుల్ మ్యాపులో మీ కొట్టు కేటగిరీని వాళ్ళిచ్చిన జాబితాలోంచే ఏరుకోవాలి, సొంతంగా రాయడానికి లేదు. దారినపోయే ఎవడైనా మార్పు సూచించవచ్చు. దాన్ని ఒప్పుకునేది ఎవరో, ఏ లెక్కన ఒప్పుకుంటారో మీకు తెలియదు. డీమోజ్‌లో జవాబివ్వని మనిషి ఉండేవాడు, ఇక్కడ ఆ మనిషినీ తీసేశారు. మిగిలిన మౌనం ఒక్కటే.

పాత డీమోజ్ ఎడిటర్లు కొందరు ‘కర్లీ’ పేరుతో ఆ చెట్టును ఇంకా సాకుతున్నారు. తెలుగు సైట్ల జాబితాలు ఓపిగ్గా కూర్చేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళకే చెబుతున్నాను. కేటగిరీ మార్చమని వచ్చిన ప్రతి విన్నపాన్నీ తేదీతో బయట పెట్టండి. మార్చితే ఎందుకో, మార్చకపోతే ఎందుకో ఒక్క వాక్యం రాయండి, కింద ఎడిటర్ పేరు ఉండాలి. కొత్త చోటు ఖాయమయ్యేదాకా పాత చోటు నుంచి పీకకండి. రెండు చోట్ల ఇమిడేదాన్ని రెండు చోట్లా పెట్టండి. ఇంత పనికి తీరిక లేదంటారా, చంద్రపూర్ తహసీలు ఆఫీసులో ఆవక జావక రిజిస్టరు రాసే గుమాస్తాను వెళ్ళి అడగండి, రోజుకు ఎన్ని కాగితాలకు నంబరు వేస్తాడో.