వజ్రము - చెరకు

కొల్లూరు వజ్రాలు గోల్కొండకు విశ్వఖ్యాతిని ఆర్జించిపెట్టాయి. నేడు మానవుని దృష్టి అన్యగ్రహాలపై నిలిచింది. యురేనస్, నెప్ట్యూన్ గర్భాలలో అపారమైన పీడనం వల్ల వజ్రాలు ఏర్పడి వర్షిస్తూ ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల భావన. 2017లో ప్రయోగశాలలో పాలిస్టైరీన్‌ను లేజర్ శక్తితో సంపీడనం చేయగా సూక్ష్మవజ్రాలు ఏర్పడడం ఈ భావనకు బలం చేకూర్చింది.

వజ్రమంటే కర్బనమే. నవీపేట్, బోధన్ పొలాలలోని చెరకు గాలి నుండి గ్రహించి చక్కెరలో నిలిపేదీ ఆ కర్బనాన్నే. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరొందిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు రైతుకు ఆసరా కరవైంది.

గ్రహాంతర వజ్రాన్వేషణ విజ్ఞానానికి అవసరమే. అయితే నెప్ట్యూన్ లోతుల్లోని వజ్రం ఎవరి ఆకలినీ తీర్చదు. నింగిలోని వజ్రాన్ని శోధించే మేధస్సు నేలమీది చెరకునూ నిలబెట్టిన నాడే సార్థకమవుతుంది.