ఫొటోలో ఓడను చూసి...

మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి, నడుం వాల్చే ముందు మీరేం చేస్తారో నాకు తెలుసు. ఫోను తీసి గ్రూపుల్లో ఏమొచ్చాయో చూస్తారు. నేనూ అంతే! ఒకప్పుడు తిరుపతి నుంచి వచ్చి గుండు ఫొటో చూపించేవాళ్ళం, ఊటీ వెళ్ళొస్తే గుర్రం మీద ఫొటో. ఇప్పుడు షిప్పు ఫొటోల కాలం వచ్చింది. తెల్లటి పెద్ద ఓడ, కమ్మీ పట్టుకుని నిలబడ్డ అక్కయ్య, వెనకాల అంతా నీళ్ళు.

మాది సముద్రం లేని ఊరు. ఇబ్రహీంపట్నంలో మాకు నీళ్ళంటే కుతుబ్ షాహీల కాలం నాటి పెద్ద చెరువే. పడవ ఎక్కాలంటే ఊరి మధ్య నుంచి పోయే సాగర్ రోడ్డు పట్టుకుని నాగార్జునసాగర్ దాకా వెళ్ళాలి. అక్కడ నాగార్జునకొండకు పోయే లాంచీ ఎక్కిందే మాలో చాలామందికి తెలిసిన ఓడ ప్రయాణం. అందుకని ఎవరైనా షిప్పు ఫొటో పెడితే గ్రూపులో ఒకటే గోల. గోల ఎందుకులెండి, అభిప్రాయాలు అందాం.

మా పెద్ద ఆడబిడ్డ సంగతి ఆమెను అడిగే రాస్తున్నాను. వయసు యాభై ఎనిమిది. భర్త పోయి మూడేళ్ళయింది. 2025 జూలైలో కూతురితో కలిసి విశాఖపట్నంలో కార్డీలియా వాళ్ళ షిప్పు ఎక్కి చెన్నైలో దిగింది. కూతురి మొదటి బోనస్ డబ్బులతో టికెట్లు కొన్నారు. ఆమె జీవితంలో అంతకు ముందు చేసిన పెద్ద ప్రయాణం షిర్డీ. ఓడలో నుంచి వచ్చాక నలభై దాకా ఫొటోలు మా బంధువుల గ్రూపులో పెట్టింది. సూర్యుడు నీళ్ళలో నుంచి లేస్తున్నది ఒకటి, గదిలో తువ్వాలును ఏనుగులా మడిచి పెట్టింది ఒకటి, పొద్దున్నే డెక్ మీద కుర్చీలో కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతున్నది ఒకటి. ఆ చివరిదే నాకు బాగా నచ్చింది. నలభై ఏళ్ళ తరవాత ఎవరో కాచిన కాఫీ, ఎవరూ పిలవని పొద్దు!

వచ్చిన జవాబులు వినండి. "పైసలు ఎక్కువైనయా ఏంది వదినె?" అని ఒకరు. "ఆ డబ్బుతో కాశీ పోయి రావచ్చు గదా" అని ఇంకొకరు. "ఈ వయసులో డ్రెస్సు వేసుకోవాల్నా?" అని మరొకరు. ఒకావిడైతే ఏకంగా "మనిషి పోయినంక షిప్పులు, షికార్లు ఏంది?" అనేసింది. ఆ రాత్రే మా ఆడబిడ్డ తన ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. మళ్ళీ గ్రూపులో నోరు విప్పలేదు. పండక్కి వచ్చినప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు.

నాకు కోపం వచ్చిన సంగతి పక్కన పెడతాను. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, అన్ని మాటల్లోనూ షిప్పు గురించి ఒక్కటీ లేదు. అది ఎంత పెద్దది, ఎంతయింది, కడుపులో తిప్పిందా, ఏం తిన్నావు, భయమేసిందా... ఎవ్వరూ అడగలేదు. అందరూ ఆమె చీర గురించీ, బొట్టు గురించీ, వయసు గురించీ మాట్లాడారు. అడిగి ఉంటే చాలా చెప్పేది. మా ఇంటికి వచ్చినప్పుడు పప్పు నూరుతూ నాకు గంటసేపు చెప్పింది మరి.

షిప్పుల మీద గట్టి అభిప్రాయాలు మన గ్రూపుల్లోనే కాదు, ప్రభుత్వాల్లోనూ ఉంటాయి. ఇదే ఓడ 2022 జూన్‌లో మొదటిసారి విశాఖకు వచ్చి పుదుచ్చేరికి బయలుదేరితే, లోపల జూదం ఆటలు ఉన్నాయన్న గొడవతో అక్కడి ప్రభుత్వం దిగనివ్వలేదు. డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళు ఊరిని దూరం నుంచి చూసి చెన్నై వెళ్ళిపోయారు. అంతకు ముందు ఏడాది, 2021 అక్టోబర్‌లో, ముంబైలో ఇదే షిప్పు దగ్గర మత్తుమందుల కేసు అని టీవీల్లో రోజంతా చూపించారు. అందులో ఒక హిందీ హీరో కొడుకును దాదాపు నెల రోజులు ఆపి, 2022 మేలో అతని మీద ఆధారాలు లేవని వదిలేశారు. పట్టుకున్న వార్త చూసినవాళ్ళు ఊరంతా ఉన్నారు, వదిలేసిన వార్త గుర్తున్నవాళ్ళు ఎందరు? మా అత్తయ్యకైతే షిప్పంటే ఇప్పటికీ ఆ కేసే.

ఇంతకీ ఆ షిప్పు కొత్తదేం కాదు. 1990లో ఫ్రాన్సులో కట్టారు. అప్పుడు పేరు నార్డిక్ ఎంప్రెస్. చేతులు మారి మారి మన దేశానికి వచ్చి 2021 నుంచి ఇక్కడ తిరుగుతోంది. పొడవు ఏడు వందల అడుగులకు కాస్త తక్కువ. పద్ధెనిమిది వందల మంది దాకా ఎక్కుతారు. విశాఖలో ఇలాంటి ఓడల కోసమే సుమారు 96 కోట్లతో కట్టిన టెర్మినల్‌ను 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. కాబట్టి రాబోయే రోజుల్లో మీ గ్రూపుల్లో కూడా ఈ ఫొటోలు ఎక్కువే వస్తాయి. అప్పుడు ఆ ఫొటో పెట్టిన మనిషిని ఏమడగాలో చెబుతాను. మీరు వెళ్ళే ఆలోచన ఉన్నా పనికొస్తుంది.

ముందు డబ్బు. ప్రకటనలో రాసే ధర సాధారణంగా ఒక్కరికి, అదీ గదిలో ఇద్దరున్నారన్న లెక్కన. ఒంటరిగా గది తీసుకునే ఆడమనిషికి దాదాపు ఇద్దరి ఖర్చూ పడొచ్చు. మా ఆడబిడ్డ కూతురితో వెళ్ళింది గనక సరిపోయింది. పైన పన్ను, పోర్టు ఛార్జీలు, సర్వీసు ఛార్జీ అని వేరేగా కలుస్తాయి. గది, మామూలు భోజనం, కొన్ని ఆటపాటలు టికెట్లోనే. ఇంటర్నెట్టు, కూల్ డ్రింకులు, ఊళ్ళో దిగి తిరిగే టూర్లు చాలావరకు విడిగా. "అన్నీ కలిపి చేతికి ఎంతయింది?" అని అడగండి. ఇది మనకు బాగా చేతనైన ప్రశ్నే కదా, కూరగాయల దగ్గర రోజూ అడిగేదే!

తరవాత గది. ఫొటోల్లో అందరూ బాల్కనీలోనే నిలబడతారు. తక్కువ ధర గదికి కిటికీ కూడా ఉండదు, పొద్దయిందో రాత్రో తెలీదు. అయినా కడుపు తిప్పే వాళ్ళకు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో ఉన్న గదే మేలు, ఊపు తక్కువ. పైన ముందు వైపున్న గది ఖరీదు ఎక్కువైనా ఊపూ ఎక్కువే. కాస్త అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి. ఖాళీ కడుపుతో ఉండకండి. గర్భిణులైతే ముందే అడగాలి, ఇరవై నాలుగు వారాలు నిండే వాళ్ళను చాలా కంపెనీలు ఎక్కించుకోవు.

వంటింటి మనుషులం కదా, ఇది కూడా వినండి. ఇస్త్రీ పెట్టె, కరెంటు కుక్కరు, నీళ్ళు కాచుకునే కెటిల్ లోపలికి రానివ్వరు. గదిలో దీపం వెలిగించడం, అగరొత్తులు ముట్టించడం అస్సలు కుదరదు. ఓడలో నిప్పంటే అంత భయం మరి, పారిపోవడానికి చుట్టూ నీళ్ళే. మా ఆడబిడ్డ శుక్రవారం నాడు దేవుడి పటం ముందు పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకుంది, అంతే. ఇంటి నుంచి కట్టుకెళ్ళే తిండిని కూడా చాలా ఓడల్లో తీసి పక్కన పెడతారు. పచ్చడి సీసా సంగతి టికెట్ కొనేటప్పుడే అడిగేయండి. శాకాహారానికి మాత్రం లోటుండదట, జైనుల వంట కూడా దొరికిందంది.

ఇక అసలు సంగతి. షిప్పు కదలక ముందే అందరినీ ఒక చోట చేర్చి, ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపిస్తారు. సైరను ఏడు సార్లు చిన్నగా, ఒకసారి పొడుగ్గా కూస్తే ప్రమాదమని గుర్తు. లిఫ్టు ఎక్కకూడదు. గదిలో ఉన్న లైఫ్ జాకెట్ తీసుకుని, మనకు రాసిచ్చిన చోటికి మెట్ల మీదుగా వెళ్ళాలి. "ఆ టైములో చాలామంది సెల్ఫీలు తీసుకుంటున్నారు" అని మా ఆడబిడ్డ అంది. తను మాత్రం ఆ చోటు నంబరును అరచేతిలో పెన్నుతో రాసుకుందట. ఇంటర్ తప్పిన ఆడది అని ఆమెను ఇంట్లో వెక్కిరించేవాళ్ళు!

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు అందులో సుమారు 2,200 మంది ఉంటే, ప్రాణరక్షణ పడవల్లో చోటు 1,178 మందికే. ఆ తరవాతే దేశాలన్నీ కూర్చుని 1914లో ఓడల భద్రతకు ఒప్పందం రాసుకున్నాయి. వందేళ్ళ తరవాత, 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే విలాసాల ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజు ఎక్కిన వందల మందికి అప్పటికి ఈ శిక్షణ ఇవ్వనే లేదు. ఇరవై నాలుగు గంటల్లోపు ఇస్తే చాలని అప్పటి రూలు. ఆ ప్రమాదం తరవాత, బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో ఇవ్వాలని మార్చారు.

ఫొటోలు పెట్టే వాళ్ళకు రెండు మాటలు. ఇల్లు తాళం వేసి ఉండగా "మేం సముద్రం మీద ఉన్నాం" అని ఊరంతటికీ చెప్పకండి, వచ్చాక పెట్టండి. టికెట్టు, పాస్‌పోర్టు, గది కార్డు కనిపించే ఫొటో వద్దే వద్దు. నడిసముద్రంలో మన సిగ్నల్ ఉండదు, షిప్పు వాళ్ళ ఉపగ్రహం నెట్‌వర్కు దొరికి ఫోను దానంతటదే కలుపుకుంటే బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. విమానం గుర్తు నొక్కి పెట్టుకోండి. బాల్కనీ ఫొటోతో పాటు గది ఎంత ఉందో, ఏం వడ్డించారో, ఎంతయిందో కూడా పెడితే ఇంకో అక్కయ్య ఆలోచించుకోవడానికి ఉపయోగం.

ఇన్ని రూల్సూ ఆ పెద్ద ఓడలవి. మనలో ఎక్కువమంది ఎక్కేది చిన్న బోట్లు, లాంచీలు. వాటి ఫొటోలకు మాత్రం గ్రూపులో ఎవరికీ అభిప్రాయాలు ఉండవు! పిల్లలు బోటు అంచున కూర్చుని వేళ్ళు చూపిస్తున్నా "సూపర్" అని పూలు పెడతారు.

మా ఊరి పేరే ఉన్న ఇంకో ఇబ్రహీంపట్నం విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డున ఉంది. 2017 నవంబర్ 12న అక్కడ పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పర్యాటక బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఒంగోలు వాళ్ళు. ఆ సాయంత్రం మా చుట్టాలు కంగారుపడి మాకు ఫోన్లు చేశారు. రెండేళ్ళు తిరగకుండానే, 2019 సెప్టెంబర్ 15న, పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ బోటు గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. 77 మంది ఎక్కితే బయటపడింది 26 మంది. మన హైదరాబాదు, వరంగల్ వైపు కుటుంబాలు ఎన్నో అందులో ఉన్నాయి. బతికినవాళ్ళలో చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉన్నవాళ్ళేనని అప్పుడు పేపర్లలో చదివాం. దగ్గరి గిరిజన గ్రామాల వాళ్ళు తమ పడవలేసుకుని వచ్చి వాళ్ళను ఒడ్డుకు చేర్చారు. మునిగిన బోటును కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబర్ 22న గానీ బయటికి తీయలేకపోయింది.

ఈ సెలవుల్లో సాగర్‌కో, పాపికొండలకో పోయే వాళ్ళు బోటు ఎక్కే ముందే జాకెట్ అడిగి తీసుకోండి. ఉక్కగా ఉందనీ, ఫొటోలో చీర కనిపించదనీ మధ్యలో విప్పకండి. ముందరి బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే అది వదులని అర్థం, పట్టీలు బిగించాలి. పిల్లలకు పెద్దవాళ్ళ జాకెట్ వేస్తే నీళ్ళలో పడగానే తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. వాళ్ళకు చిన్న సైజువి వేరేగా ఉంటాయి, బరువును బట్టి ఇస్తారు. లేవంటే పిల్లల్ని తీసుకుని ఒడ్డునే ఉండిపోండి.